దంతమూల నాళశుద్ధి – ఒక రసాయన పాఠం

నీటి కాఠిన్యాన్ని ఇ.డి.టి.ఎ. ద్రావణంతో అంచనా కట్టే ప్రయోగం మన బి.ఎస్‌సి. విద్యార్థులకు చిరపరిచితమే. గొట్టపు బావి నీటిని శాంకవ కుప్పెలో తీసుకొని, బ్యూరెట్టు నుండి బొట్టుబొట్టుగా ద్రావణాన్ని వదులుతూ, ముదురు ఎరుపు నీలంగా మారే క్షణం కోసం కళ్ళప్పగించి చూస్తాము. ఒకనాడు ఈ ప్రయోగం జరుగుతూ ఉండగా ఒక విద్యార్థి ఎడమ చెంపను రుమాలుతో అదిమిపెట్టుకొని కూర్చుని ఉండటం గమనించాను. విచారించగా తెలిసినది ఇది: రెండు నెలల క్రితం క్రింది దవడ పన్ను తీవ్రంగా సలపగా అతడు ఆస్పత్రికి వెళ్ళాడు. వైద్యుడు పన్నుకు రంధ్రం చేసి, లోపలి నరం తీసి, మందు పెట్టి, పైన తాత్కాలికంగా పూడ్చి, వారం తరువాత రమ్మన్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది. వారం గడిచింది, నొప్పి లేదు. పరీక్షలు వచ్చాయి, ఖర్చు గుర్తుకు వచ్చింది; వెళ్ళలేదు. ఇప్పుడు చెంప వాచింది.

“నరం తీసేశారు కదా సార్! నరం లేని పంటికి మళ్ళీ జబ్బు ఎట్లా వస్తుంది?” అని అడిగాడు.

న్యాయమైన ప్రశ్న. దాని సమాధానంలో కొంత భాగం అతని చేతిలోని బ్యూరెట్టులోనే ఉన్నదని చెబితే నమ్మలేకపోయాడు. తక్కిన భాగాన్ని కూడా కలిపి విపులంగా వ్రాస్తానని ఆనాడు మాట ఇచ్చాను. నేను దంతవైద్యుణ్ణి కాను. రసాయన శాస్త్ర బోధకుణ్ణి; ఒక పన్ను విషయంలో రోగిని కూడా.

ముందుగా పంటి నిర్మాణం. నోటిలో మనకు కనబడేది పన్ను మొత్తంలో సగం కూడా కాదు. అధికభాగం వేరు రూపంలో దవడ ఎముకలో నాటుకొని ఉంటుంది. పై పొర పింగాణి. మన శరీరంలో దానికంటె కఠినమైన పదార్థం లేదు. దాని క్రింద డెంటిన్. డెంటిన్ గట్టిదే గాని సందు లేనిది కాదు. కంటికి ఆనని సూక్ష్మ నాళికలు దాని నిండా ఉన్నాయి. పంటి లోతట్టున ఒక చదరపు మిల్లీమీటరు మేరలో వాటి సంఖ్య సుమారు 45,000. నడిమధ్యన పల్పు కుహరం, అందులో రక్తనాళాలు, నాడులు, మెత్తని కణజాలం కలిసిన మజ్జ ఉంటాయి. ఈ మజ్జ సన్నని నాళాలుగా వేళ్ళలోనికి దిగి, వేరు కొనలోని సూక్ష్మరంధ్రం ద్వారా బయటి రక్తప్రసరణతో కలుస్తుంది. జనవ్యవహారంలో ‘నరం’ అంటున్నది ఈ మజ్జనే.

పిప్పి లోతుకు దిగి మజ్జను చేరితే అది వాస్తుంది. చేతికి దెబ్బ తగిలితే చేయి ఉబ్బడానికి చోటున్నది. చుట్టూ గట్టి గోడలున్న మజ్జకు ఆ వీలు లేదు. లోపలి ఒత్తిడి పెరిగి, రక్తం రాక తగ్గి, మజ్జ క్రమంగా చచ్చిపోతుంది. రాత్రంతా నిద్రపోనీయని సలుపు ఒకనాడు దానంతట అదే ఆగిపోతే రోగి సంతోషిస్తాడు. కొన్నిసార్లు ఆ నిశ్శబ్దానికి అర్థం మజ్జ మరణించిందనే! అప్పటినుండి ఆ నాళం దిక్కులేని ఇల్లు. రక్తం లేదు కనుక తెల్లకణాలు రావు. మింగిన మాత్ర కూడా రక్తంతోనే ప్రయాణిస్తుంది. రక్తం పోని చోటికి మాత్ర పోలేదు. వాపు వచ్చినప్పుడల్లా మందుల దుకాణంలో నాలుగు బిళ్ళలు కొని మింగే మన అలవాటు పంటి వెలుపలి వాపును కొన్నాళ్ళు అణచవచ్చునేమో గాని నాళంలోని సూక్ష్మజీవులను తాకను కూడా తాకదు. వాటిని చేతితో తీయవలసిందే, ద్రావణంతో కడగవలసిందే. దంతమూల చికిత్స అంతా ఇంతే.

పంటిలో ఏదో జీవి చేరి తొలుస్తున్నదనే భావన అతి ప్రాచీనం. సుశ్రుతుడు ‘క్రిమిదంతకం’ అనే పేరుతో దీనిని ప్రస్తావించాడు. ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథంలో ఖురాసానీ వాము గింజల పొగను సూచించాడు. మన పల్లెలలో నేలములక గింజలు నిప్పులపై వేసి, గొట్టంతో పొగ పట్టించి, రాలిన పురుగులను చూపేవారి గురించి పెద్దలు ఇప్పటికీ చెబుతారు. పురుగులను చూపించే ఈ గారడీ గుట్టును 13వ శతాబ్దంలోనే దమాస్కస్ వాసి అల్-జౌబరీ, మోసగాళ్ళ కిటుకులను వెల్లడిస్తూ వ్రాసిన పుస్తకంలో బయటపెట్టాడు. 1728లో ఫ్రెంచి దంతవైద్యుడు పియర్ ఫోషార్, సూక్ష్మదర్శినితో వెదకినా తనకు అట్టి పురుగు కనబడలేదని వ్రాశాడు. అయితే పూర్వులు పూర్తిగా పొరపడ్డారని కూడా అనలేము. జీవి ఉన్నమాట నిజం. అది పురుగు కాదు, బాక్టీరియా. 19వ శతాబ్దపు చివరి దశకంలో మిల్లర్ అనే శాస్త్రవేత్త చచ్చిన మజ్జలో బాక్టీరియాను సూక్ష్మదర్శిని క్రింద చూపించాడు. వ్యాధికి కారణం అవేనా, కేవలం అక్కడ చేరిన అతిథులా అన్న సందేహం మాత్రం చాలాకాలం నిలిచింది. దానిని తీర్చినది 1965లో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జ్‌జెరాల్డ్ అనే ముగ్గురు చేసిన ప్రయోగం. సూక్ష్మజీవులు బొత్తిగా లేకుండా పెంచిన ఎలుకల పళ్ళకు, మామూలు ఎలుకల పళ్ళకు ఒకే విధంగా మజ్జ బయటపడేటట్లు రంధ్రాలు చేసి వదిలేశారు. మామూలు ఎలుకలలో మజ్జ కుళ్ళి చీము పట్టింది. సూక్ష్మజీవులు లేని ఎలుకలలో తిండి ముక్కలు రంధ్రంలో ఇరుక్కుపోయినా మజ్జ బ్రతికి, గాయంపై కొత్త డెంటిన్ వంతెన కట్టుకున్నది. ఇంత సరళమైన ప్రయోగం ఇంత స్పష్టమైన తీర్పు ఇవ్వడం శాస్త్రచరిత్రలో తరచుగా జరగదు.

శత్రువు ఎవరో తేలింది. ఇక నాళంలోనుండి దానిని వెళ్ళగొట్టడం ఎట్లా?

మొదటి సాధనం ఆకురాయి. 1838లో అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ మేనార్డ్ గడియారపు స్ప్రింగును అరగదీసి నాళంలో దూరే తొలి పరికరాన్ని తయారుచేశాడని చెబుతారు. తుపాకుల నిర్మాణంలో కూడా పేరు గడించిన వ్యక్తి ఆయన! నేటి దంతవైద్యుని బల్లపై ఉండే రంగురంగుల పిడుల సన్నని సూదులు ఆ స్ప్రింగు సంతతివే. వాటిని ‘ఫైళ్ళు’ అంటారు. పిడిమీది అంకెకు అర్థం ఉన్నది: 25 అంటే కొన వద్ద వ్యాసం 0.25 మిల్లీమీటరు. సాధారణ ఫైలులో కొననుండి పైకి ఒక్కొక్క మిల్లీమీటరుకు 0.02 చొప్పున లావు పెరుగుతుంది. పని చేసే భాగం పొడవు 16 మిల్లీమీటర్లు. కొన వద్ద 0.15 ఉన్న ఫైలు పై అంచున ఎంత ఉంటుందో విద్యార్థులు నోటిలెక్కతో చెప్పవచ్చు: 0.47. ఈ ప్రమాణాలు 1950ల చివరనుండి రూపుదిద్దుకున్నవి. అంతకుముందు ఒక కంపెనీ సూదికి మరొక కంపెనీ సూదికి పొత్తు ఉండేది కాదు. 1988లో నికెల్–టైటానియం మిశ్రలోహంతో ఫైలు చేయవచ్చునని వాలియా, ఆయన సహచరులు చూపించారు. అది వంగిన నాళంలో తానూ వంగుతుంది గనుక వేరు గోడను చీల్చే ప్రమాదం తగ్గింది.

ఫైలు ఎంత గొప్పదైనా గుండ్రని సూది. నాళం మాత్రం గుండ్రనిది కాదు. స్విట్జర్లండు దేశీయుడు వాల్టర్ హెస్, వేలకొలది పళ్ళ నాళాలలో రబ్బరు నింపి, చుట్టూ ఉన్న పన్నును కరిగించి, మిగిలిన అచ్చులను 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ప్రచురించాడు. ఆ చిత్రాలు చూసినవారికి ‘నాళం’ అనే మాటపై నమ్మకం పోతుంది. ఒకటి రెండుగా చీలి మళ్ళీ కలవడం, పక్కకు పోయే కొమ్మలు, రెండు నాళాల నడుమ రేకువంటి సందులు, కొన వద్ద ఏటి పాయలవలె చీలికలు! 2001లో పీటర్స్, ఆయన బృందం సూక్ష్మ సి.టి. యంత్రంతో, శుభ్రపరచడానికి ముందు, తరువాత పళ్ళను త్రిమితీయంగా చిత్రించి పోల్చగా, ఏ రకపు ఫైలు వాడినా నాళపు గోడలో 35 శాతమో అంతకంటె ఎక్కువో తాకబడకుండానే మిగిలిపోయిందని తేలింది. చీపురు మూలలకు అందకపోతే గదిని కడగాలి గదా! అక్కడినుండి పని మనదవుతుంది. అనగా రసాయన శాస్త్రానిది.

మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాలు కుళ్ళి సైనికులు మరణిస్తూ ఉండగా, 1915లో ఇంగ్లండుకు చెందిన రసాయన శాస్త్రజ్ఞుడు హెన్రీ డేకిన్ 0.5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణాన్ని గాయాలు కడగడానికి సిద్ధపరచాడు. ఫ్రెంచి శస్త్రవైద్యుడు అలెక్సిస్ కారెల్ దానిని యుద్ధరంగపు ఆస్పత్రిలో వినియోగించాడు. చల్లని విలీన కాస్టిక్ సోడాలోనికి క్లోరిన్ వాయువును పంపితే ఏర్పడేదని మన పాఠ్యపుస్తకంలో ఉన్నదీ, చాకిరేవులో తెల్లబట్టల మరక తీసేదీ ఈ ద్రవ్యమే. తరువాతి దశాబ్దాలలో దంతవైద్యులు దీనిని చేపట్టారు; నేటికీ వదలలేదు. కారణం, దీనికి రెండు గుణాలు ఒక్కచోట ఉన్నాయి. ఒకటి, సూక్ష్మజీవులను చంపుతుంది. రెండు, చచ్చిన మజ్జను కరిగిస్తుంది. ప్రొటీనులలోని ఎమైనో సముదాయాలపై దాడిచేసి క్లోరమీనులను ఏర్పరుస్తుంది, క్షారగుణం చేత కొవ్వులను సబ్బుగా మారుస్తుంది. ఫైలు అందని పక్కకొమ్మలలోని కుళ్ళు కరగాలంటే ఈ రెండవ గుణం అవసరం. చంపడం మాత్రమే తెలిసిన మందులు ఇంకా ఉన్నాయి. కరిగించడం తెలిసినవి అరుదు.

స్వీడను దేశంలో బిస్ట్రమ్, సుండ్‌క్విస్ట్ అనే ఇద్దరు ఈ విషయాన్ని మాటలతో కాక లెక్కతో నిరూపించారు. వారు 1981లో ప్రచురించిన పరిశోధనలో ఫైళ్ళతో గీకి, కేవలం ఉప్పునీటితో కడిగితే బాక్టీరియా సంఖ్య బాగా తగ్గిందే గాని అన్ని పళ్ళలో అంతరించలేదు. 1983లో ఉప్పునీటికి బదులు 0.5 శాతం హైపోక్లోరైట్ వాడి చూశారు. అయిదవ దఫా పరీక్షించేసరికి 15 పళ్ళలో 12 పళ్ళనుండి బాక్టీరియా ఏమీ దొరకలేదు. ఉప్పునీటితో అయితే అట్టివి 15లో 8 మాత్రమే. ఇందులో రెండు పాఠాలున్నాయి. ద్రావణం వల్ల భేదం ఉన్నదనేది ఒకటి. మంచి ద్రావణంతో కూడా మూడు పళ్ళు లొంగలేదనేది రెండవది. రెండవదాన్ని చాలామంది చదవకుండా వదిలేస్తారు.

విద్యార్థి దృష్టితో చూస్తే హైపోక్లోరైట్ ప్రవర్తనలో వింత ఏమీ లేదు. అది చర్యలో పాల్గొన్న కొద్దీ ఖర్చవుతుంది. ఇరుకైన నాళంలో పట్టే ద్రవం బొట్టు పరిమాణమే. ఎదురుగా ఉన్న సేంద్రియ పదార్థం దానిని త్వరలోనే నిర్వీర్యం చేస్తుంది. కనుక ఒకసారి పోసి కూర్చుంటే లాభం లేదు. మాటిమాటికి తాజా ద్రావణం పంపుతూ ఉండాలి. గాఢత పెంచినా, వెచ్చబరచినా వేగం పెరుగుతుంది. వైద్యులు 0.5 నుండి 5 శాతం పైదాకా వేర్వేరు గాఢతలు వాడతారు. ఏది మేలనే వాదం నేటికీ తెగలేదు. నా మట్టుకు, పలుచనిదాన్ని ధారాళంగా వాడే వైద్యుడు చిక్కనిదాన్ని పిసినారిగా వాడే వైద్యునికంటె మేలనిపిస్తుంది. వెలుతురు సోకే సీసాలో నిలువ ఉంచితే ఈ ద్రావణం విఘటనం చెంది బలం కోల్పోతుందని వేరే చెప్పనక్కరలేదు.

ఇక బ్యూరెట్టులోని మన ఇ.డి.టి.ఎ. సంగతి. ఫైలు డెంటిన్‌ను గీకినప్పుడు రేగిన పొడి, కుళ్ళిన మజ్జ తునకలు, బాక్టీరియా కలిసి గోడమీద పలుచని పూతగా మెత్తుకుపోతాయి. దీనిని స్మియర్ పొర అంటారు. పైన చెప్పిన వేలకొలది నాళికల మూతులను ఇది మూసివేస్తుంది. లోపల దాగిన జీవులకు ఇది తలుపు గడియ వంటిది. హైపోక్లోరైట్ ఇందులోని సేంద్రియ భాగాన్ని తినగలదు గాని కాల్షియం లవణాలను కదిలించలేదు. గొట్టపు బావి నీటిలోని కాల్షియం అయానును చుట్టుముట్టి కీలేటుగా బంధించే ఇ.డి.టి.ఎ.యే ఇక్కడ డెంటిన్ పొడిలోని కాల్షియంను అదే పట్టుతో లాగివేస్తుంది. నార్వే దేశీయుడు నిగార్డ్-ఓస్ట్‌బీ 1957లో దీనిని నాళచికిత్సకు ప్రతిపాదించాడు. సాధారణంగా 17 శాతం ద్రావణాన్ని చివరలో ఒక నిమిషం సేపు ఉంచుతారు. ఎక్కువసేపు ఉంచితే డెంటిన్‌నే మెత్తబరుస్తుంది. కాల్షియం పొడిలో ఉన్నదా, పంటిలో ఉన్నదా అని అది ఎంచదు. ఒక జాగ్రత్త: ఈ రెండు ద్రావణాలను కలపరాదు. కలిపితే ఇ.డి.టి.ఎ. హైపోక్లోరైట్‌లోని చురుకైన క్లోరిన్‌ను హరిస్తుంది. ఒకదాని తరువాత ఒకటి, నడుమ తుడుస్తూ వాడాలి.

ద్రావణాన్ని కొనదాకా చేర్చడమే అసలు కష్టం. ఒక చివర మూసిన సన్నని గాజుగొట్టంలో నీరు పోసి చూడండి. అడుగున గాలిబుడగ నిలిచి నీటిని దిగనీయదు. పంటి నాళంలోనూ అంతే. సిరంజి సూది కొన ఎక్కడ ఉంటే అక్కడినుండి ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే ద్రవం ముందుకు పోతుంది. 30 గేజి సూది బయటి వ్యాసం సుమారు 0.31 మిల్లీమీటరు. అంటే నాళాన్ని కనీసం ఆ మేరకు విశాలం చేయకపోతే సూది కొనను సమీపించదు. ఇప్పుడు ఫైలు పని ఏమిటో తెలుస్తున్నది. అది శుభ్రం చేసేది కొంతే, శుభ్రం చేసే ద్రావణానికి దారి వేసేది ఎక్కువ. దారి వేసిన పిదప, లోపల నిలిచిన ద్రావణాన్ని అతిధ్వని తరంగాలతో కంపింపజేస్తారు. ఆ యంత్రం లేనిచోట నాళానికి సరిపోయే గట్టా పర్చా కడ్డీని పైకి క్రిందికి ఆడిస్తారు. ఖర్చులేని ఈ రెండవ ఉపాయం కూడా బుడగను చెదరగొడుతుంది.

సూదిని నాళంలో బిగించి బలంగా నొక్కడం మాత్రం అపాయకరం. హైపోక్లోరైట్ వేరు కొన దాటి బయటి కణజాలంలోనికి పోతే, చచ్చినదానిని కరిగించిన గుణమే బ్రతికినదానిపై పనిచేస్తుంది. భరించరాని నొప్పి, క్షణాలలో వాపు, ముఖంపై నలుపు కమిలిన మచ్చలు కలుగుతాయి. అందుకే కొన ప్రక్కకు తెరిచి ఉన్న సూదులను, వదులుగా, నెమ్మదిగా వాడతారు. (ఇది చదివి ఇంట్లోని బ్లీచింగ్ ద్రావకంతో పుక్కిలించే సాహసం ఎవరూ చేయరాదు!) గొంతులోనికి ద్రావణం గాని, చేయి జారిన ఫైలు గాని పోకుండా, నాళంలోనికి లాలాజలం రాకుండా, పన్ను ఒక్కటే బయటికి కనబడేటట్లు రబ్బరు రేకును తొడుగుతారు. 1864లో న్యూయార్కుకు చెందిన శాన్‌ఫర్డ్ బార్నమ్ కనిపెట్టిన ఈ రేకు విలువ స్వల్పం, తొడగడానికి పట్టే సమయం కొద్ది నిమిషాలు. లాలాజలం నిండా బాక్టీరియాయే గదా! ఒక వైపు కడుగుతూ మరొక వైపు వాటిని లోనికి రానిచ్చే చికిత్సకు అర్థమేమిటి? అయినా ఈ రేకు లేకుండానే పని ముగించే చోట్లు తక్కువేమీ కావు. రోగులు అడిగితే ఈ అలవాటు మారుతుందని నా నమ్మకం.

ఒక్క పూటలో పని పూర్తికానప్పుడు, తిరిగి వచ్చేవరకు నాళంలో కాల్షియం హైడ్రాక్సైడ్ ముద్ద నింపుతారు. జర్మనీకి చెందిన హెర్మన్ 1920లో దీనిని దంతవైద్యంలో ప్రవేశపెట్టాడు. ఇది తడిసున్నమే, ఇళ్ళలో పాన్‌దాన్‌లో ఒక గిన్నెలో ఉండే వస్తువే. పి.హెచ్. సుమారు 12.5. అంతటి క్షారంలో బాక్టీరియా చాలావరకు బ్రతకలేదు; ఎంటరోకాకస్ ఫీకాలిస్ వంటి మొండి ఘటాలు మాత్రం కొన్ని తట్టుకొంటాయి. ఇక్కడే నా విద్యార్థి ప్రశ్నకు జవాబు. అతనికి మొదటి రోజు జరిగినది ఒత్తిడి తీయడం, మజ్జలో అందినంత తీయడం, మందు పెట్టి మూయడం. నొప్పి పోవడానికి అది చాలును. కాని పక్కకొమ్మలు, నాళికలు ఇంకా కడగబడలేదు. తాత్కాలికపు పూత కొద్ది వారాలకు ఉద్దేశించినది. అది అరిగి అంచులు విడితే లాలాజలం లోనికి దారి చేసుకొంటుంది. మిగిలినవారికి అన్నం దొరికింది, కొత్తవారికి ఇల్లు దొరికింది. అడ్డు చెప్పడానికి అక్కడ ఒక్క తెల్లకణం లేదు.

రోగి మధ్యలో మానివేయకపోయినా తప్పు జరగవచ్చు. నా పై దవడ పన్నుకు ఒకచోట చికిత్స పూర్తయి, తొడుగు కూడా వేశారు. నాలుగేళ్ళు గడిచాక చిగురుపై చిన్న చీముపొక్కు లేచింది. రెండవ వైద్యుడు భూతద్దాల కళ్ళజోడు పెట్టుకొని, చాలాసేపు వెదకి, ముందువైపు చెంపపక్క వేరులో రెండవ నాళం ద్వారాన్ని పట్టుకున్నాడు. పై మొదటి దవడ పన్నులో ఈ నాలుగవ నాళం సగానికి పైగా మనుషులలో ఉంటుందట! మొదటిచోట మూడింటిని కడిగి, నాలుగవదాని ఉనికినే గమనించలేదు. దానిలో నాలుగేళ్ళుగా ఏమి పేరుకొన్నదో ఆయన ఫైలు కొనతో తీసి చూపించినప్పుడు వచ్చిన వాసన నేను వర్ణించను. గమనించనివారిని నిందించి లాభం లేదు. అది దాగి ఉండే చోటు అట్టిది. కాని ‘నా పంటికి ఎన్ని నాళాలు ఉన్నాయి, అన్నీ దొరికాయా?’ అని అడిగే ఆలోచన ఆనాడు నాకు లేకపోయినందుకు విచారిస్తున్నాను.

నాళాన్ని నింపడం గురించి ఇంతవరకు ప్రస్తావించలేదు. ఎక్స్‌రేలో తెల్లని గీతగా కనబడేది గట్టా పర్చా నింపుడు గనుక రోగులు దానినే చికిత్స అనుకొంటారు. అది కడిగిన గదికి వేసే తాళం. కడగని గదికి వేసినా తెల్లగానే కనబడుతుంది.

మన విద్యార్థి ఆ మరునాడే తన పాత వైద్యుని వద్దకు వెళ్ళాడు. ఎక్స్‌రేలో వేరు కొన వద్ద శనగగింజంత నల్లని నీడ కనబడిందట. అక్కడ ఎముక కరిగిపోయింది. మూడుసార్లు పిలిచి, కడిగి, సున్నపు ముద్ద మార్చి, పిదప నింపారు. ఎముక తిరిగి నిండటానికి నెలలు పడుతుంది కనుక ఏడాది తరువాత మళ్ళీ ఎక్స్‌రే తీయించుకోవాలని చెప్పి పంపారు. ఆ తేదీని అతడు తన రసాయన శాస్త్ర ప్రయోగాల రికార్డు వెనుక అట్టమీద, నీటి కాఠిన్యపు లెక్క ప్రక్కన, ఎర్రసిరాతో వ్రాసుకొన్నాడు.